జాబితాలో పేరు నుంచి చేతిలో మల్టీమీటరు దాకా: ఒక పాఠశాల రోబోటిక్స్ జట్టులో అమ్మాయిల భాగస్వామ్యంపై కేస్ స్టడీ

నేపథ్యం

హైదరాబాదులో ఉప్పల్ వైపు ఉన్న ఒక ఉన్నత పాఠశాలలో నేను భౌతికశాస్త్రం బోధిస్తాను. పిల్లలు తమ చేతులతో పరికరాలు తయారుచేసి నేర్చుకునే అక్కడి అటల్ టింకరింగ్ ల్యాబ్ బాధ్యత కూడా నాదే. నీతి ఆయోగ్ 2016లో ప్రారంభించిన అటల్ ఇన్నోవేషన్ మిషన్ కింద ఎంపికైన పాఠశాలకు ల్యాబ్ ఏర్పాటుకు 10 లక్షలు, ఐదేళ్ల నిర్వహణకు మరో 10 లక్షల రూపాయల వరకు గ్రాంటు అందుతుంది. అందువల్ల కోడ్ ఎక్కించి పరికరాలను నడిపే ఆర్డుయినో సర్క్యూట్ బోర్డులకు గాని, సెన్సార్లకు గాని, తీగలను కరిగించిన లోహంతో అతికించే సోల్డరింగ్ సామగ్రికి గాని మా పిల్లలకు కొరత లేదు. ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలతో ఏటా ఒక జట్టును తయారుచేసి, పాఠశాలల మధ్య జరిగే పోటీలకు పంపుతాం. నేల మీది నల్లగీతను పట్టుకుని నడుస్తూ, దారిలో కనిపించిన వస్తువులను రంగును బట్టి వేరుచేసే చిన్న చక్రాల రోబో మా పిల్లల ప్రధాన నిర్మాణం.

జట్టులో అమ్మాయిలు లేరా అంటే ఉన్నారు. హాజరు పట్టికలో, ప్రధానోపాధ్యాయులకు ఇచ్చే నివేదికలో, పోటీ దగ్గర దిగిన ఫొటోలో అన్నిచోట్లా కనిపిస్తారు. అయినా ఏడాది చివర నేను విడివిడిగా అడిగినప్పుడు, మోటార్లను నడిపే మోటార్ డ్రైవర్‌కు బ్యాటరీ తీగలు ఏ చివర కలపాలో చెప్పగలిగిన అమ్మాయి ఒక్కరూ లేరు. అదే జట్టులో పోయిన ఏడాది చేరిన అబ్బాయిలు కళ్లు మూసుకుని ఆ పని చేయగలరు. ఒకే ల్యాబ్‌లో ఒకే కాలం గడిపిన పిల్లల మధ్య ఇంత తేడా ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుకోవాలన్న పట్టుదలతో మొదలుపెట్టిన ప్రయత్నమే ఈ కేస్ స్టడీ.

ల్యాబ్‌లో ఎవరి చేతిలో ఏముంది

నేను చేసిన మొదటి పని చాలా సాదాది. సాధన జరుగుతున్నప్పుడు ఒక మూల కూర్చుని, ఐదు నిమిషాలకొకసారి తల ఎత్తి, ఎవరి చేతిలో ఏముందో ఒక కాగితం మీద గుర్తు పెట్టుకున్నాను. కాగితం మీద గడులు నాలుగే: పనిముట్టు, కీబోర్డు, కలం, ఖాళీ చేయి. కొన్ని వారాల పాటు ఇలా రాసి చూస్తే ఆ కాగితాలు ఒకదానికొకటి అచ్చంగా పోలి ఉన్నాయి. స్క్రూడ్రైవరు, సోల్డరింగ్ ఐరన్, ల్యాప్‌టాప్ అబ్బాయిల వరసలో నిలిచిపోయాయి. కలం గడి అమ్మాయిలది. ఖాళీ చేయి అన్న గడిలో కొత్తగా చేరిన అమ్మాయిలతో పాటు, మెతకగా ఉండే ఇద్దరు ముగ్గురు అబ్బాయిలూ ఉన్నారు. ఆ అబ్బాయిల సంగతి తర్వాత మాకు చాలా ఉపయోగపడింది.

ఇందులో ఎవరి దురుద్దేశమూ లేదు. "మీ అక్షరాలు బాగుంటాయి, లాగ్‌బుక్ మీరు రాయండి" అని అబ్బాయిలు గౌరవంగానే అడిగారు, అమ్మాయిలు సంతోషంగానే ఒప్పుకున్నారు. న్యాయనిర్ణేతల ముందు మాట్లాడడానికి, చార్టులు వేయడానికి, ప్రాజెక్టు నివేదిక దిద్దడానికి అమ్మాయిలను ముందుకు పంపేవారు. అవి చిన్న పనులని నేను అనను. పాఠశాల పిల్లల రోబో పోటీ అయిన ఫస్ట్ లెగో లీగ్ లాంటి వాటిలో రోబో ఆట, రోబో డిజైన్, ఇన్నోవేషన్ ప్రాజెక్టు, కోర్ వేల్యూస్ (జట్టు పాటించే విలువలు) అనే నాలుగు విభాగాలకూ సమాన ప్రాధాన్యం ఉంటుంది. ఎవరికి తగిన పని వారికి దొరకాలన్న మంచి ఆలోచనతో పెట్టిన పద్ధతి అది. కానీ పని పంపకాన్ని పిల్లలకే వదిలేస్తే మొదటి రెండు విభాగాలు అబ్బాయిలకు, చివరి రెండు అమ్మాయిలకు తమంతట తామే వెళ్లిపోతాయని నా అనుభవం. జట్టుకు బహుమతి కూడా రావచ్చు. రోబోను విప్పి మళ్లీ బిగించగల చేతులు మాత్రం సగం మందికే మిగులుతాయి.

అందుకే జట్టులో ఎందరు అమ్మాయిలున్నారన్న లెక్కను పక్కన పెట్టాను. పనిముట్టు వారి చేతిలో ఎంతసేపు ఉందన్నదే ఈ ప్రయత్నానికి కొలమానంగా తీసుకున్నాను.

మునుపటి పరిచయం, సామర్థ్యం

అబ్బాయిలకు అంత తొందరగా పని ఎలా వస్తోందో కనుక్కుంటే సమాధానం ఇళ్లలో దొరికింది. ఒకరి మేనమామకు సెల్‌ఫోన్ రిపేరు దుకాణం ఉంది. ఒకరు నాన్న బండి ప్లగ్గు విప్పి శుభ్రం చేస్తారు. ఇంకొకరికి చిన్నప్పుడు రిమోట్ కారు కొనిపెట్టారు, ఆ కారు విప్పి పాడుచేసినా ఎవరూ కోప్పడలేదు. అదే పని ఆడపిల్ల చేస్తే ఇల్లు ఊరుకుంటుందా అన్నది మనలో ప్రతి ఒక్కరూ ఆలోచించుకోదగిన ప్రశ్న. ఇలా ముందే చేతికి అలవాటైన పిల్లవాడు కిట్‌ను గబగబా బిగించేస్తే, పక్కన కూర్చున్న అమ్మాయికి ఆ వేగం పుట్టుకతో వచ్చిన తెలివిలా కనిపిస్తుంది. జట్టు ఎంపికకు మా పాఠశాలలో అంతకుముందు నుంచి ఉన్న పద్ధతి కూడా ఆ భావననే బలపరిచేది. ప్రార్థన సమావేశంలో ప్రకటన చేసి, పేర్లిచ్చిన వారికి తలా ఒక కిట్ ఇచ్చి, ముందు పూర్తిచేసిన వారిని తీసుకునేవారు.

మునుపటి పరిచయాన్ని ప్రతిభగా లెక్కగట్టడం పెద్ద విశ్వవిద్యాలయాలు కూడా ఎదుర్కొన్న సమస్యే. అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో కంప్యూటర్ సైన్స్‌లో చేరే విద్యార్థుల్లో అమ్మాయిల వాటా 1995లో 7 శాతం ఉండగా, 2000 నాటికి 42 శాతానికి చేరింది. ప్రవేశాల్లో ముందస్తు ప్రోగ్రామింగ్ అనుభవానికి ఇచ్చే ప్రాధాన్యం తగ్గించడం, తొలి కోర్సుల్లోకి అనుభవాన్ని బట్టి వేర్వేరు దారులు పెట్టడం అక్కడ చేసిన ముఖ్యమైన మార్పుల్లో ఉన్నాయి. పాఠ్యాంశాల స్థాయిని తగ్గించి సాధించిన ఫలితం కాదది. మా ల్యాబ్‌కు నేను తీసుకున్నది ఈ సూత్రాన్నే.

కొత్త ఎంపిక పద్ధతిలో పేర్లివ్వమని అడగడం మానేశాం. ఎనిమిదో తరగతి పిల్లలందరికీ బడి వేళల్లోనే, క్రాఫ్ట్ పీరియడ్లలో, ల్యాబ్ పరిచయం చేయిస్తున్నాం. మొదటి రోజు ప్రతి ఒక్కరినీ ఒక ప్రశ్న అడుగుతాను: ఇంట్లో నువ్వు స్వయంగా బాగుచేసిన వస్తువు ఏది? తొలిసారి అడిగినప్పుడు అమ్మాయిలు చాలామంది ఏమీ లేదన్నారు. గుచ్చి అడిగితే, ఒక అమ్మాయి మిక్సీ అడుగున అరిగిపోయిన కప్లర్‌ను తానే మార్చానని చెప్పింది. తల్లి మిషన్ కుడుతుంది కాబట్టి బాబిన్ కేసు స్క్రూ తిప్పి దారం బిగువు సరిచేయడం తనకు వచ్చని ఇంకో అమ్మాయి చెప్పి, వెంటనే "అది రిపేరు కిందికి రాదు కదా మేడమ్" అని సంకోచించింది. బిగువును కొద్దికొద్దిగా మారుస్తూ, కుట్టు చూసి, మళ్లీ మార్చడం అంటే రోబో మలుపును సరిచేయడానికి కోడ్‌లో విలువలు మార్చి చూడడంలో ఉన్న పనే. ఆ మాట నేను బల్ల దగ్గరున్న అందరికీ వినిపించేలా చెప్పాను.

వేగపు పరీక్ష స్థానంలో లోపాల పెట్టె వచ్చింది. తిరగేసి పెట్టిన ఎల్ఈడీ, లోపల తెగిన జంపర్ తీగ, చచ్చిపోయిన సెల్, వదులైన స్క్రూ టెర్మినల్ లాంటి లోపాలు కావాలని పెట్టిన చిన్న సర్క్యూట్లు అందులో ఉంటాయి. లోపం కనిపెట్టడంతో సరిపోదు, ఎలా కనిపెట్టారో కాగితం మీద రాయాలి. రిమోట్ కారు విప్పిన అనుభవం ఇక్కడ పెద్దగా అక్కరకు రాదు. ఓపికగా ఒక్కో అనుమానాన్ని తీర్చుకుంటూ పోయే పిల్లలు, వాళ్లు అమ్మాయిలైనా అబ్బాయిలైనా, ముందుకు వస్తారు. ఆ తర్వాత కూడా పేరివ్వని పిల్లలను నేను ఒక్కొక్కరినీ పిలిచి, ఫలానా లోపం నువ్వు ఇలా పట్టుకున్నావు, అందుకే నువ్వు జట్టులో కావాలి అని కారణంతో సహా చెబుతాను. అందరినీ కలిపి ఇచ్చే పిలుపుకు కదలని అమ్మాయిలు ఈ మాటకు కదిలారు.

బల్ల దగ్గర నియమాలు

ఎంపిక మారినంత మాత్రాన చేతులు మారవు. అందుకని సాధనలో కొన్ని కట్టుబాట్లు పెట్టాం. వాటిలో అన్నిటికన్నా ముఖ్యమైనది, ఒకరి చేతిలో ఉన్న పనిముట్టును ఇంకొకరు తీసుకోకూడదన్నది. సాయం చేయాలనుకున్నవారు చేతులు వెనక్కి కట్టుకుని నోటితోనే చెప్పాలి. ఈ నియమం నాకూ వర్తిస్తుంది. నిజానికి పిల్లల కన్నా పెద్దవాళ్లే దీన్ని ఎక్కువగా ఉల్లంఘిస్తారు. తీగ తప్పుగా కలుపుతున్న పిల్లను చూస్తే మన చేయి దానంతట అదే ముందుకు పోతుంది.

రెండోది, ఛాసిస్ (రోబో చట్రం), వైరింగ్, కోడ్, నడపడం, లాగ్‌బుక్ అనే స్థానాలు వారానికొకసారి మారాలి. ఎవరు చేసిన పని వారే వారి అక్షరాలతోనే రాసుకోవాలి, అవి ఎంత కోడిగీతలైనా సరే. ఇంగ్లీషులో రాయాలన్న నిర్బంధమూ తీసేశాం. మా పిల్లల్లో తెలుగు ఇళ్లవారితో పాటు ఉర్దూ ఇళ్లవారూ ఉన్నారు. ఏ భాషలో ఆలోచిస్తే ఆ భాషలో రాసుకున్నాక లాగ్‌బుక్ చాలా వివరంగా తయారైంది.

మూడోది బృందాల కూర్పు. అమ్మాయిలకు వేరే జట్టు పెట్టమని కొందరు సహోపాధ్యాయులు సూచించారు. ఆ సూచనను గౌరవిస్తూనే నేను వేరే దారి ఎంచుకున్నాను. పిల్లలను అనుభవాన్ని బట్టి రెండుగా విడదీశాం. ఖాళీ చేయి గడిలో కనిపించిన ఆ ఇద్దరు ముగ్గురు అబ్బాయిలు కొత్తవారి బృందంలో అమ్మాయిలతో పాటు కూర్చుని, తొలిసారి సోల్డరింగ్ ఐరన్ పట్టుకున్నారు. బల్లకు నలుగురు ఉంటారు, ఏ బల్ల దగ్గరా ఒక్క అమ్మాయి ఒంటరిగా ఉండకూడదు. మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2015లో ప్రచురించిన ఒక అధ్యయనంలో ఇంజినీరింగ్ విద్యార్థినులను నలుగురేసి బృందాల్లో కూర్చోబెట్టి చూశారు. అమ్మాయిలు ఎక్కువగా ఉన్న బృందాల్లో మాట్లాడినంతగా, నలుగురిలో తానొక్కతే అమ్మాయి అయిన బృందంలో వారు మాట్లాడలేదని అందులో తేలింది. మా బల్లల దగ్గర నాకు కనిపించినదీ అదే.

ఈ నియమాల ఫలితం ఎలా ఉంటుందో చూపడానికి ఒక సంఘటనను వివరంగా చెప్పాలి. రోబో ముందుకు బాగానే నడిచేది. వెనక్కి మళ్లమన్నప్పుడు మాత్రం ఒక్క క్షణం ఆగి, మొత్తం పని మొదటి నుంచి ప్రారంభించేది. కోడ్‌లోనే దోషం ఉందని అందరూ నమ్మి, దాన్ని మార్చి మార్చి ఎక్కిస్తున్నారు. ఆ వారం వైరింగ్ స్థానంలో ఉన్న ఎనిమిదో తరగతి అమ్మాయి బోర్డు పక్కనే వంగి చూస్తూ, రోబో ఆగిన ప్రతిసారీ పదమూడో పిన్‌కు కలిసి ఉన్న చిన్న ఎల్ఈడీ మిణుకుమంటోందని గమనించింది. ఆ దీపం అలా మిణుకుమనడం బోర్డు రీసెట్ అయినప్పుడు జరుగుతుందని అంతకు ముందు వారం కోడ్ స్థానంలో కూర్చున్నప్పుడు ఆమెకు తెలిసింది. అంటే కోడ్ తప్పు నడవడం లేదు, బోర్డే ఆగి మళ్లీ మొదలవుతోంది. బోర్డుకు కరెంటు చాలడం లేదేమోనని, వోల్టేజీ కొలిచే మల్టీమీటరు పెట్టి చూస్తే 5 వోల్టుల దగ్గర అంకె నిలకడగానే కనిపించింది, ఎందుకంటే వోల్టేజీ కుంగినా అది రెప్పపాటులో జరిగిపోతుంది. అప్పుడామె స్నేహితురాలిని చక్రాలు రెండూ చేత్తో గట్టిగా పట్టుకోమని, మోటార్లకు ఒక్క క్షణం కరెంటు ఇచ్చింది. తిరగలేని మోటారు ఎక్కువ కరెంటు లాగుతుంది కదా. మీటరులో అంకె కళ్లముందే జారిపోయింది.

రెండు లిథియం సెల్స్‌తో వచ్చే 7.4 వోల్టుల నుంచే మోటార్లకూ, ఎల్298ఎన్ అనే మోటార్ డ్రైవర్ మీద వోల్టేజీని 5కు తగ్గించే రెగ్యులేటర్ ద్వారా బోర్డుకూ సరఫరా ఇస్తున్నాం. మోటార్లు ఒక్కసారిగా దిశ మార్చుకున్నప్పుడు బ్యాటరీ వోల్టేజీ కుంగి, బోర్డుకు చాలినంత అందడం లేదు. బోర్డుకు వేరే బ్యాటరీ పెట్టి, గ్రౌండ్ (నెగెటివ్) తీగ మాత్రం ఉమ్మడిగా ఉంచి, కోడ్‌లో వేగాన్ని మెట్లుమెట్లుగా పెంచేటట్టు మార్చాక ఆ ఇబ్బంది పూర్తిగా పోయింది. స్థానాలు మారకుండా ఉండి ఉంటే ఆ అమ్మాయి ఆ రోజు లాగ్‌బుక్‌లో "కోడ్ సమస్య" అని అందంగా రాసి ఉండేది.

ఇంటితో మాట్లాడడం

అమ్మాయిలు మధ్యలో మానేయడానికి ల్యాబ్ బయటి కారణాల్లో అన్నిటికన్నా బలమైనది సమయం. సాధన సాయంత్రం బడి ముగిశాక మొదలై చీకటి పడేదాకా సాగేది. 2023 డిసెంబరు 9 నుంచి రాష్ట్రంలో ఆర్టీసీ సాధారణ బస్సుల్లో మహిళలకు ప్రయాణం ఉచితమైంది కాబట్టి చార్జీల ఇబ్బంది తీరింది. కానీ ఒక తల్లి నాతో అన్నమాట అసలు విషయాన్ని చెబుతుంది: "టికెట్ పైసల గురించి కాదు మేడమ్, ఆరు దాటినంక ఉప్పల్ రింగ్‌రోడ్డు కాడ పిల్ల ఒక్కతి నిలబడొద్దంటరు వాళ్ల నాన్న." ఆ తండ్రిని ఒప్పించడానికి ఉపన్యాసం ఇవ్వడం కన్నా వేళ మార్చడం సులువు, న్యాయం కూడా. సాధనలో ఎక్కువ భాగాన్ని ఉదయం బడికి ముందు గంటకూ, శనివారం మధ్యాహ్నానికీ జరిపాం. పోటీ దగ్గరపడినప్పుడు సాయంత్రాలు తప్పనిసరైతే ఒకే దారిలో వెళ్లేవారిని కలిపి పంపుతున్నాం.

ప్రోగ్రెస్ కార్డులు ఇచ్చే రోజు తల్లిదండ్రులను ల్యాబ్‌కు కూడా తీసుకువచ్చి, వారి అమ్మాయి చేతే రోబోను నడిపించి చూపిస్తాం. ఆ రోజు ఎక్కువగా వినపడే ప్రశ్న, ఇది చేస్తే ఐఐటీ సీటుకు పనికొస్తుందా అని. పనికొస్తుందని నేను చెప్పను. సీటు దాదాపు అందరికీ జేఈఈ ర్యాంకుతోనే వస్తుంది. అయితే ఐఐటీల్లోనే అమ్మాయిలు తక్కువగా ఉన్నారని గుర్తించి 2018 నుంచి బీటెక్‌లో వారికోసం అదనపు సీట్లు సృష్టించారనీ, 14 శాతంతో మొదలుపెట్టి 2020 నాటికి 20 శాతానికి చేర్చాలని లక్ష్యం పెట్టుకున్నారనీ చెబుతాను. అమ్మాయికి మెకానికల్, ఎలక్ట్రికల్ ఎందుకు, కంప్యూటర్స్ చాలు అనే ఇళ్లలో ఈ మాట కొంత ఆలోచన రేపుతుంది. హైదరాబాదులోని రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓ ప్రయోగశాలలో పనిచేస్తూ అగ్ని-4 క్షిపణికి ప్రాజెక్టు డైరెక్టరుగా వ్యవహరించిన టెస్సీ థామస్ పేరు చాలామంది తల్లిదండ్రులు విన్నదే. ఆమె చిత్రం మా ల్యాబ్ గోడ మీద ఉంది. అయినా ఎనిమిదో తరగతి పిల్లకు ఎక్కువ ధైర్యమిచ్చేది తన పక్క వీధిలో ఉండే తొమ్మిదో తరగతి అక్క సోల్డరింగ్ చేస్తూ కనిపించడమేనని నా నమ్మకం.

విడిభాగాలు కొనడానికి కోఠి గుజరాతీ గల్లీకి వెళ్లేటప్పుడు అబ్బాయిలనే వెంటబెట్టుకుని పోయే అలవాటును కూడా మార్చాం. ఇప్పుడు ఎవరి బృందానికి సామాను కావాలో వారే వస్తారు. అమ్మాయిలూ నేనూ ఉచిత ప్రయాణపు జీరో టికెట్లు తీసుకుని రామంతపూర్, అంబర్‌పేట మీదుగా బస్సులో వెళ్తాం. తొలిసారి దుకాణదారు ప్రతి మాటకూ నా వైపే చూశారు. మా జట్టు అమ్మాయి నిమిషానికి వంద చుట్లు తిరిగే 100 ఆర్‌పీఎం గేర్ మోటార్లు కావాలని అడిగి, రెండూ ఒకే వేగంతో తిరుగుతున్నాయో లేదో అక్కడే బ్యాటరీకి తగిలించి చూస్తానని పట్టుబట్టింది. అప్పటి నుంచి ఆయన ఎన్ని వోల్టులు, ఏ షాఫ్టు అని "బేటా" అంటూ ఆమెనే అడిగారు. ధరలు, బిల్లు, తిరిగి ఇచ్చే షరతు అన్నీ ఆమే మాట్లాడింది.

వచ్చిన అభ్యంతరాలు, మిగిలిన పని

మార్పును అందరూ హర్షించలేదు. అనుభవం ఉన్న అబ్బాయిలు, పోటీ ముందుంటే స్థానాలు మార్చుకుంటూ కూర్చోవడం వృథా అని నేరుగానే అన్నారు. వారి బాధలో నిజం ఉంది. ఆ ఏడాది మా రోబో తొలి దశ దాటలేదు, యాజమాన్యం కారణం అడిగింది. ల్యాబ్‌కు ప్రభుత్వం ఇచ్చిన డబ్బు ఇద్దరు ముగ్గురు పిల్లల చేతి నైపుణ్యానికి పదును పెట్టడానికి ఇచ్చింది కాదని నేను సమాధానం చెప్పాను. అబ్బాయిలకు మాత్రం వేరే బాధ్యత అప్పగించాను. చేతులు వెనక్కి కట్టుకుని కొత్తవారికి నేర్పి, వారు ఆ పనిని సొంతంగా చేసి చూపితేనే నేర్పినవారి పేరు లాగ్‌బుక్‌లో ఎక్కుతుంది. మొదట విసుక్కున్నవారిలో ఒకరు ఇప్పుడు మా ల్యాబ్‌లో అందరికన్నా ఓపికైన బోధకుడు. మరుసటి ఏడాది జట్టు తొలి దశ దాటింది. పోటీ మధ్యలో ఒక చక్రం పనిచేయకపోతే, దాన్ని విప్పి బిగించినవారు ఇద్దరు అమ్మాయిలు. మధ్యలో కోడ్ రాసే అబ్బాయికి జ్వరం వచ్చి రాలేకపోయినా సాధన ఆగలేదు, ఎందుకంటే ఆ కోడ్ చదవగలవారు ఇంకా ఉన్నారు.

గడుల కాగితాన్ని ఇప్పటికీ అప్పుడప్పుడు నింపుతాను. పనిముట్టు, కలం ఇప్పుడు ఇరువైపులా పంచుకుని కనిపిస్తున్నాయి. కీబోర్డు దగ్గర తేడా తగ్గింది గాని పోలేదు. ల్యాప్‌టాప్ ఇంట్లో ఉన్న పిల్లలు ముందుకు పోతున్నారు, అమ్మాయిల ఇళ్లలో అది ఉన్నా చాలాచోట్ల అన్నదమ్ముల గదిలో ఉంటుంది. అందుకే కోడ్ పనిని ల్యాబ్ వేళల్లోనే ముగించాలనీ, ఇంటి దగ్గర రాసుకొచ్చిన కోడ్‌ను బృందానికి వివరించి ఒప్పించాకే వాడాలనీ నియమం పెట్టాం.

పదో తరగతి సమస్య మాత్రం అలాగే ఉంది. మార్చిలో వచ్చే బోర్డు పరీక్షల పేరు చెప్పి జూన్, జులైలలోనే అమ్మాయిలను జట్టు నుంచి తీసేస్తున్నారు. అబ్బాయిల విషయంలో అదే ఇళ్లు దసరా దాకా ఆగుతున్నాయి. రెండు కుటుంబాలు ఎంత చెప్పినా ఒప్పుకోలేదు, వారి నిర్ణయాన్ని నేను గౌరవించాను. ఈ ఏడాది నుంచి పదో తరగతి అమ్మాయిలకు పోటీ భారం లేకుండా, పదిహేను రోజులకొక శనివారం ఒక గంట వచ్చి, ఎనిమిదో తరగతి పిల్లల వైరింగ్ తనిఖీ చేసి సంతకం పెట్టే పని ఇస్తున్నాం. ఆ గంటకు తల్లిదండ్రుల సమ్మతి జూన్‌లోనే రాతపూర్వకంగా తీసుకుంటున్నాం. పరీక్షలకు ముందు రెండు నెలలు పూర్తి సెలవు ఉంటుందని ఆ కాగితం మీదే రాసి ఇస్తున్నాం.